మోటార్ షాఫ్ట్ మీద స్ప్రాకెట్ మాటిమాటికీ లూజవుతోంది, సాయం కావాలి (నాన్న సైకిల్)

కంచరపాలెం_సైకిల్ | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారి సైకిల్‌కి ఏడు నెలల క్రితం నేనే మోటార్ బిగించాను. 24 వోల్టులు, 250 వాట్ల గేర్ మోటార్. షాఫ్ట్ (మోటార్ ఇరుసు) మీద 9 పళ్ల స్ప్రాకెట్ (చైన్‌ని లాగే పళ్ల చక్రం), మామూలు సైకిల్ చైన్. వెనక చక్రానికి 18 పళ్లు. నాన్న రోజూ తెల్లవారుజామున విశాఖలోని జ్ఞానాపురం మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెస్తారు. వచ్చేటప్పుడు వెనక 40 కిలోల దాకా బరువు ఉంటుంది. ఆయనకి మోకాళ్ల నొప్పులు, అందుకే మోటార్ పెట్టాను.

మొదటి ఐదు నెలలూ ఏ సమస్యా లేదు. తర్వాత బయలుదేరేటప్పుడు "టక్" అని శబ్దం మొదలైంది. చూస్తే స్ప్రాకెట్ బయట నట్టు లూజైంది. బిగించాను. నాలుగు రోజులకి మళ్లీ అదే. స్ప్రింగ్ వాషర్ వేశాను, వారం ఆగింది. మరలకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) పూసి బిగించాను. ఇప్పుడు నట్టు కదలడం లేదు, పానా వేసినా గట్టిగానే ఉంది. కానీ స్ప్రాకెట్ ఇంకా ఆడుతోంది, శబ్దం పెరిగింది కూడా.

మొన్న కంచరపాలెం మెట్టు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే చైన్ ఊడిపోయింది. నాన్న ఆ బరువుతో ఇంటి దాకా సైకిల్ తోసుకుంటూ వచ్చారు. నాకు ఫోన్ కూడా చేయలేదు, నా నిద్ర చెడుతుందని. ఆ రోజు నుంచి ఒకటే టెన్షన్. దీన్ని శాశ్వతంగా బాగుచేసే దారి చెప్పండి.

గాజువాక_రైడర్ | ఆదివారం, రాత్రి 9:32

అన్నా, నీలం రంగుది మీడియం రకం. ఎర్రది వేసి చూడు, అది హై స్ట్రెంగ్త్. నాకు మడ్‌గార్డ్ బోల్టులకి నీలం సరిపోయింది కానీ మోటార్ దగ్గర ఎర్రదే వాడతాను.

సింధియా_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:50

ఇంత ఆలోచన ఎందుకన్నా? వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి స్ప్రాకెట్‌ని షాఫ్ట్‌కి రెండు చోట్ల టాక్ కొట్టించు. పది నిమిషాల పని. ఇక జన్మలో ఊడదు.

పాత_ఫిట్టర్ | ఆదివారం, రాత్రి 10:25

బాబూ, వెల్డింగ్‌కి తొందరపడకు. ఎర్ర లాకర్ కూడా ఇప్పుడే వద్దు. నేను ముప్పై ఏళ్లు ఫిట్టర్ పని చేశాను. నువ్వు రాసినదాంట్లో ఒక మాట నన్ను ఆపింది. నట్టు గట్టిగానే ఉంది, స్ప్రాకెట్ మాత్రం ఆడుతోంది అన్నావు. అంటే నట్టు స్ప్రాకెట్‌ని పట్టుకోవడం లేదు, ఇంకెక్కడో ఆనుకుని ఆగిపోతోంది. అలాంటప్పుడు నట్టుకి నువ్వు ఏ మందు పూసినా లాభం లేదు.

ముందు ఈ పనులు చెయ్యి. బ్యాటరీ ప్లగ్ పూర్తిగా పీకేసి దూరంగా పెట్టు. కీ తీస్తే చాలనుకోకు. థ్రాటిల్ తీగ ఎక్కడైనా తగిలి మోటార్ ఒక్కసారి తిరిగితే చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య వేలు నలిగిపోతుంది. నా కళ్ల ముందే ఒకతని వేలు పోయింది. ఈ మాట నేను ప్రతిసారీ చెబుతాను, విసుక్కోకు.

తర్వాత చైన్ తీసి, స్ప్రాకెట్‌ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పు. గేర్‌లో ఉండే ఆట వేరు, స్ప్రాకెట్ ఆట వేరు. షాఫ్ట్ చివర మార్కర్‌తో ఒక గీత గీసి చూడు. గీత కదలకుండా పళ్లు కదిలితే ఆట స్ప్రాకెట్‌దే.

నట్టు విప్పి స్ప్రాకెట్ తీశాక, తుడిచే ముందు లోపల ఏముందో చూడు. ఇటుకపొడి రంగులో పొడిపొడిగా ఏమైనా ఉందా? ఉంటే దాని ఫోటో పెట్టు. ఆ తర్వాత వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) నాలుగు కొలతలు కావాలి. షాఫ్ట్ గుండ్రాన్ని రెండు పక్కలా కోసి చదును చేసి ఉంటుంది. ఆ రెండు చదునుల మధ్య ఎంత, స్ప్రాకెట్ బెజ్జంలో ఆ చదునుల మధ్య ఎంత, షాఫ్ట్ మీద చదును పొడవు ఎంత, ఆ పొడవులో నువ్వు ఎక్కించిన సామానంతా కలిపి మందం ఎంత. వెర్నియర్ లేకపోతే ఏ లేత్ షాపులోనైనా అడిగితే ఇస్తారు.

మధురవాడ_టీచర్ | సోమవారం, ఉదయం 6:15

వెల్డింగ్ గురించి నా అనుభవం చెప్పాలి. నాదీ ఇదే రకం మోటార్. రెండేళ్ల క్రితం స్ప్రాకెట్ లూజైతే మోటార్ సైకిల్‌కి ఉండగానే టాక్ వెల్డ్ చేయించాను. స్ప్రాకెట్ ఊడలేదు, నిజమే. కానీ నెల తిరగకుండా మోటార్‌లో గరగర మొదలైంది. షాఫ్ట్ బేరింగ్ పాడైపోయింది. బేరింగ్ మార్చుదామంటే స్ప్రాకెట్ వెల్డ్ అయి ఉంది, గేర్ పెట్టె మూత ఆ పక్క నుంచి బయటికి రాదు. చివరికి కోసి తీయాల్సి వచ్చింది, షాఫ్ట్ పనికిరాకుండా పోయింది. మోటార్ మొత్తం కొత్తది కొన్నాను.

ఒక ప్రశ్న కూడా. నేను రుషికొండ వైపు రోజూ బీచ్ రోడ్డు మీద వెళ్తాను. ఉప్పుగాలికి కూడా ఆ ఎర్రపొడి వస్తుంది కదా, తేడా ఎలా తెలుస్తుంది మాస్టారూ?

సింధియా_కుర్రాడు | సోమవారం, ఉదయం 8:40

అయ్యో, ఇది నాకు తెలియదు మేడమ్. కానీ రెండు చుక్కల వెల్డింగ్‌కి బేరింగ్ ఎందుకు పోతుంది? వేడి అంత దూరం వెళ్తుందా?

ఆటోనగర్_లేత్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

వేడి ఒక కారణం తమ్ముడూ. షాఫ్ట్ వెనకే ఆయిల్ సీల్ ఉంటుంది, అది రబ్బరు. గ్రీజు కూడా కరిగి కారిపోతుంది. అసలు దెబ్బ కరెంటుది. వెల్డర్ ఎర్త్ క్లాంప్ ఎక్కడ పెట్టాడు? సాధారణంగా సైకిల్ ఫ్రేమ్‌కి. రాడ్ షాఫ్ట్ మీద. మరి కరెంటు షాఫ్ట్ నుంచి ఫ్రేమ్‌కి ఎలా వెళ్లాలి? బేరింగ్ గుండ్ల గుండానే. గుండు, దాని గాడి తగిలేది సూదిమొన అంత చోట. ఆ చోట వందకు దగ్గర ఆంపియర్లు పారితే చిన్న చిన్న గుంటలు పడతాయి. అప్పుడు బాగానే తిరుగుతుంది, తర్వాత తర్వాత గరగర.

స్ప్రాకెట్‌ని మోటార్ నుంచి తీసి, బల్ల మీద పెట్టి దేనికైనా వెల్డ్ చేసుకో, ఏ ఇబ్బందీ లేదు. మోటార్ మీద ఉండగా మాత్రం రాడ్ తగలనివ్వకూడదు. నా షాపుకి వారానికొకరైనా అలాంటి మోటార్ పట్టుకొస్తారు.

పాత_ఫిట్టర్ | సోమవారం, సాయంత్రం 5:05

టీచరమ్మా, మంచి ప్రశ్న. ఉప్పు తుప్పు గాలి తగిలే చోటల్లా వస్తుంది. నట్టు మీద, చైన్ మీద, షాఫ్ట్ చివర కూడా. పొరలు పొరలుగా ఉంటుంది, గీకితే పెచ్చులు ఊడతాయి. రాపిడి పొడి రెండు లోహాలు గట్టిగా ఆనుకుని సన్నగా కదిలే చోట మాత్రమే పుడుతుంది. చాలా మెత్తగా, వేలికి కుంకుమలా అంటుకుంటుంది. బయటంతా మెరుస్తూ, స్ప్రాకెట్ బెజ్జంలో మాత్రమే ఆ పొడి ఉందంటే అక్కడ ఇనుము ఇనుమును తింటోందని అర్థం. మన ఊళ్లో రెండూ కలిసే ఉంటాయి, అందుకే చాలామంది సముద్రం మీద నెపం వేసి వదిలేస్తారు.

కంచరపాలెం_సైకిల్ | మంగళవారం, రాత్రి 10:40

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఊర్వశి జంక్షన్ దగ్గర తెలిసిన షాపులో వెర్నియర్ అడిగి తెచ్చుకున్నాను.

బెజ్జం లోపల మీరు చెప్పిన పొడి ఉంది, అచ్చం ఇటుకపొడి రంగే. నట్టు మీద తుప్పు లేదు.

షాఫ్ట్ గుండ్రం 12 మి.మీ. రెండు చదునుల మధ్య 9.75. స్ప్రాకెట్ బెజ్జంలో 10.25. షాఫ్ట్ చదును పొడవు 14, అక్కడ ఒక మెట్టు, ఆ తర్వాత 8 మి.మీ. మర. స్ప్రాకెట్ మందం 3.1. దాని బయట ఖాళీ నింపడానికి మోటార్‌తో వచ్చిన గుండ్రటి స్పేసర్ 10.6.

ఇంకొకటి గమనించాను. షాఫ్ట్ చదును మీద లోపలి వైపు, స్ప్రాకెట్ కూర్చునే చోట మాత్రమే చిన్న గాట్లు పడ్డాయి. మిగతా పొడవంతా కొత్తదానిలా ఉంది.

పాత_ఫిట్టర్ | మంగళవారం, రాత్రి 11:05

దొరికింది బాబూ. 3.1, 10.6 కలుపు. 13.7. షాఫ్ట్ మెట్టు 14 దగ్గర ఉంది. నీ నట్టు, వాషర్ కలిసి షాఫ్ట్ మెట్టుకి తగిలి బిగుసుకుంటున్నాయి. స్ప్రాకెట్ దాకా రావడం లేదు. మధ్యలో 0.3 మిల్లీయే ఖాళీ, కానీ ఆ స్ప్రాకెట్ ఊగడానికి అది చాలు.

కొత్తలో స్పేసర్ మెట్టు కన్నా కాస్త బయటికే ఉండి ఉంటుంది, అందుకే ఐదు నెలలు నడిచింది. అది మెత్తటి ఇనుము. బరువుకి, రాపిడికి నలిగి, అరిగి లోపలికి వెళ్లిపోయింది. పట్టు పోయాక స్ప్రాకెట్ ప్రతి బయలుదేరడానికీ ఒక దెబ్బ, థ్రాటిల్ వదిలినప్పుడల్లా ఇంకో దెబ్బ కొట్టుకుంటూ తన బెజ్జాన్ని తానే పెద్దది చేసుకుంది. మొదట్లో నట్టు లూజైంది కూడా ఆ ఊగుడుకే. నువ్వు లాకర్ పూశాక నట్టు ఆగింది, జబ్బు లోపలే ఉండిపోయింది.

ఏయూ_మెకానికల్ | బుధవారం, ఉదయం 7:30

ఇది చదివి రాత్రి కూర్చుని లెక్క వేశాను. మూడో సంవత్సరం చదువుతున్నాను, తప్పుంటే పెద్దలు సరిదిద్దండి.

9 పళ్ల స్ప్రాకెట్, 18 పళ్ల వెనక చక్రం, 26 అంగుళాల టైరు. మోటార్ షాఫ్ట్ నిమిషానికి 300 చుట్లు తిరిగితే సైకిల్ వేగం గంటకు 18, 19 కిలోమీటర్లు వస్తుంది. అన్నా, మీ సైకిల్ వేగం అంతే కదా? ఆ వేగంలో 250 వాట్లంటే షాఫ్ట్ దగ్గర టార్క్ 8 న్యూటన్ మీటర్లు. వినడానికి చిన్న సంఖ్యే. అరంగుళం చైన్‌కి 9 పళ్ల స్ప్రాకెట్ వ్యాసం 37 మి.మీ. కాబట్టి చైన్ మీద లాగుడు సుమారు 43 కిలోలు.

ఇప్పుడు బెజ్జం దగ్గరికి రండి. సందు లేకపోతే చదును మొత్తం బరువు మోస్తుంది. సందు ఉంటే స్ప్రాకెట్ కాస్త తిరిగి, చదును అంచులు రెండే తగులుతాయి. ఆ రెండు అంచుల మధ్య దూరం 7 మి.మీ. కూడా లేదు. లెక్క ప్రకారం ఒక్కో అంచు మీద 115 కిలోల పైనే పడుతుంది. అదీ 3 మి.మీ. పొడవు గీత మీద! ఇది మామూలుగా నడిచేటప్పుడు. బయలుదేరేటప్పుడు కంట్రోలర్ ఎక్కువ కరెంటు వదులుతుంది. డీసీ మోటార్‌లో కరెంటు పెరిగినంతా టార్క్ పెరుగుతుంది. 40 కిలోల కూరగాయలతో మెట్టు మీద ఆగి బయలుదేరితే ఇది రెట్టింపు అయినా ఆశ్చర్యం లేదు.

అర మిల్లీ సందుకి స్ప్రాకెట్ ఇటు నాలుగు డిగ్రీలు, అటు నాలుగు డిగ్రీలు తిరుగుతుంది. పళ్ల దగ్గర అది రెండున్నర మిల్లీమీటర్ల పైనే. మీరు వింటున్న "టక్" అదే.

పాత_ఫిట్టర్ | బుధవారం, ఉదయం 9:00

శభాష్. మేము చేత్తో తడిమి తెలుసుకునేదాన్ని నువ్వు కాగితం మీద పెట్టావు.

గాజువాక_రైడర్ | బుధవారం, ఉదయం 9:45

అలాగైతే కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి ఆ సందులో దూర్చితే? పల్చగానే ఉంటుంది, రెండు మూడు మడతలు వేస్తే పావు మిల్లీ నిండుతుంది. ఒక వాషర్ అదనంగా వేస్తే ఆ మెట్టు సమస్య కూడా తీరుతుంది.

ఆటోనగర్_లేత్ | బుధవారం, మధ్యాహ్నం 2:10

వాషర్ మాట సరైనదే, కానీ దాని బెజ్జం మెట్టు మీదుగా ఎక్కేంత పెద్దది ఉండాలి. లేకపోతే అది కూడా మెట్టుకే ఆనుతుంది. రేకు మాత్రం వద్దు. అల్యూమినియం మెత్తన, ఇనుము అంచు కింద వారంలో పిండి అయిపోతుంది. పైగా మన ఉప్పుగాలికి అల్యూమినియం, ఇనుము పక్కపక్కన ఉంటే అల్యూమినియం ఇంకా త్వరగా తినుకుపోతుంది. ఇంటికి చేరడానికి దారిలో ఒకసారి వాడుకోవచ్చు, అంతే.

కంచరపాలెం తమ్ముడూ, నీ షాఫ్ట్ బాగుంది. అరిగింది 3 మిల్లీమీటర్లు, మిగతా 11 కొత్తగానే ఉంది. ఆ 11 ఇప్పటిదాకా గుండ్రటి స్పేసర్‌తో ఊరికే కూర్చుంది. దానికి పని పెట్టాలి. నేనైతే ఇలా చేస్తాను.

ఈఎన్8 (ఒక రకం గట్టి ఉక్కు) రాడ్ ముక్కతో 14.5 పొడవు బుష్ (షాఫ్ట్ మీద ఎక్కే గొట్టం ముక్క) ఒకటి తిప్పిస్తాను. పొడవు మెట్టు కన్నా అర మిల్లీ ఎక్కువ, నట్టు బుష్‌నే నొక్కాలి కాబట్టి. లోపల షాఫ్ట్ ఆకారంలోనే రెండు చదునుల బెజ్జం, 9.78కి వైర్ కట్‌లో (సన్న తీగకి కరెంటు ఇచ్చి లోహాన్ని కోసే యంత్రం) కోయించాలి. స్లాటింగ్‌లోనూ వస్తుంది కానీ ఇంత చిన్న బెజ్జానికి వైర్ కట్ శుభ్రంగా ఉంటుంది. వైర్ కట్ లేని చోట డ్రిల్ వేసి సన్న ఆకురాయితో రుద్ది కూడా చేస్తారు, ఓపిక కావాలి. కొత్త స్ప్రాకెట్ బెజ్జాన్ని 20కి బోర్ చేసి, బుష్ లోపలి చివర మీద ఎక్కించి, బల్ల మీద చుట్టూ వెల్డ్ చేయాలి. అప్పుడు స్ప్రాకెట్ పాత చోటనే ఉంటుంది, చైన్ లైన్ మారదు. బరువు మోసే పొడవు 3 నుంచి 14కి పెరుగుతుంది.

రెండు జాగ్రత్తలు. బుష్ బయటి కొలత 20 దాటనివ్వకు, వెల్డింగ్ గట్టుతో కలిపి 24 లోపే ఉండాలి. 9 పళ్ల స్ప్రాకెట్‌లో చైన్ ప్లేట్లు బాగా లోపలికి దిగుతాయి, గట్టు ఎత్తుగా ఉంటే చైన్ దాని మీద ఎక్కుతుంది. వెల్డ్ అయ్యాక లేత్ మీద పెట్టి పళ్లు ఊగకుండా తిరుగుతున్నాయో లేదో చూడమను. వేడికి అది ఒక పక్కకి లాగుతుంది.

కంచరపాలెం_సైకిల్ | బుధవారం, రాత్రి 9:55

అన్నా, చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కీ (షాఫ్ట్ గాడిలో కూర్చునే ఇనుప ముక్క) వేసి చేయడం మేలని బయట ఒకరన్నారు. అది ఎందుకు వద్దు? బుష్‌కీ షాఫ్ట్‌కీ మధ్య ఆ 0.03 సందులో కూడా ఏదైనా వేయాలా?

ఆటోనగర్_లేత్ | గురువారం, మధ్యాహ్నం 1:45

12 షాఫ్ట్‌కి 4 మి.మీ. కీ వేయాలి, షాఫ్ట్‌లో రెండున్నర మిల్లీ లోతు గాడి కొట్టాలి. నీ షాఫ్ట్ రెండు పక్కలా ముందే కోసేసి ఉంది. ఇంకో గాడి పడితే బలం తగ్గిపోతుంది. పైగా మోటార్ మొత్తం విప్పాలి. గుండ్రటి షాఫ్ట్ అయితే నేనూ కీ వేయమనే వాణ్ని.

సందులో రిటైనింగ్ కాంపౌండ్ వెయ్యి. లాక్‌టైట్ 638 అని ఆకుపచ్చ రంగుది. థ్రెడ్‌లాకర్ వేరు, ఇది వేరు. నీలం 243 మరల కోసం, 638 బేరింగ్, బుష్ లాంటి గుండ్రటి అమరికల కోసం. పావు మిల్లీ సందు దాకా పట్టుకుంటుంది. కానీ నీ పాత అర మిల్లీ సందును దానితో నింపుదామనుకుంటే మాత్రం కుదరదు. అది సందులో పొడి రాకుండా, కదలిక లేకుండా చూస్తుంది. బరువు చదునులే మోయాలి.

మధురవాడ_టీచర్ | గురువారం, సాయంత్రం 7:20

638 నేను కొత్త మోటార్‌కి వాడాను, కొన్ని సంగతులు చెబుతాను. అది గాలి తగలని చోట, లోహం తగిలితేనే గట్టిపడుతుంది. అందుకే సీసా సగం ఖాళీగా వస్తుంది, లోపల గాలి ఉండాలి. తక్కువ పోశారని గొడవపడకండి, నేను మొదట అలాగే అనుకున్నాను. నూనె జిడ్డు ఉంటే అస్సలు పట్టదు. కిరోసిన్‌తో కడిగినా దాని జిడ్డు మిగులుతుంది, ఆఖర్న అసిటోన్‌తో తుడవాలి. ఎక్కించాక కొద్ది నిమిషాల్లోనే బిగుసుకుంటుంది, సరిచేసుకునే టైమ్ ఉండదు. అందుకే ముందు పొడిగా ఒకసారి ఎక్కించి చూసుకోండి. పూర్తి బలం రావడానికి 24 గంటలు ఆగాలి. మోటార్ సీల్ వైపు కారనివ్వకండి, ముందు అక్కడ కాస్త గ్రీజు పూయండి.

మళ్లీ తీయాలంటే బుష్‌ని 250 డిగ్రీల దాకా వేడి చేయాలి. అంటే సీల్‌కి ప్రమాదమే. కాబట్టి వేసే ముందు మోటార్ బేరింగ్ బాగుందో లేదో తిప్పి చూసుకోండి. ఏడు నెలలే కదా, బాగానే ఉండి ఉంటుంది.

ఏయూ_మెకానికల్ | శుక్రవారం, ఉదయం 7:10

అన్నా, ఒక అనుమానం. మోటార్ బిగించిన ప్లేట్ మందం ఎంత? చైన్ 43 కిలోలతో, బయలుదేరేటప్పుడు ఇంకా ఎక్కువతో మోటార్‌ని వెనక్కి లాగుతుంది. ప్లేట్ పల్చనైతే వంగుతుంది, స్ప్రాకెట్ పక్కకి వాలుతుంది. అప్పుడు చైన్ ఊడుతుంది. కంచరపాలెం మెట్టు దగ్గర ఊడింది దీని వల్ల కూడా కావచ్చు. వెనక చక్రం పళ్ల పక్కన దారం ఆనించి ముందుకి లాగి పట్టుకోండి. మోటార్ స్ప్రాకెట్ ఆ దారానికి సమంగా ఉండాలి. తర్వాత చైన్ వేసి, ఒకరు వెనక బ్రేకు పట్టుకుని థ్రాటిల్ కొంచెం ఇస్తే ప్లేట్ కదులుతోందా లేదా అని ఇంకొకరు దూరం నుంచి చూడొచ్చు.

పాత_ఫిట్టర్ | శుక్రవారం, ఉదయం 8:30

బ్రేకు పట్టి మోటార్‌కి కరెంటు ఇవ్వడం వద్దు నాయనా. ఆగిపోయిన మోటార్ కరెంటంతా వేడి అవుతుంది, కంట్రోలర్ కాలుతుంది, పక్కన చెయ్యి ఉంటుంది. బ్యాటరీ పీకేసి, చైన్ పై వరుసని రెండు చేతులతో గట్టిగా నొక్కి చూడు. ప్లేట్ వంగేదైతే అప్పుడే తెలిసిపోతుంది. నీ అనుమానం మాత్రం చాలా మంచిది.

ఏయూ_మెకానికల్ | శుక్రవారం, ఉదయం 8:42

నిజమే మాస్టారూ, నేను ఆలోచించలేదు. అన్నా, మాస్టారు చెప్పినట్టే చేయండి.

కంచరపాలెం_సైకిల్ | తర్వాతి బుధవారం, రాత్రి 10:15

పని అయింది. వరసగా చెబుతాను.

సోమవారం సెలవు పెట్టి ఆటోనగర్ వెళ్లాను. బుష్ తిప్పడం గంటలో అయిపోయింది. వైర్ కట్ వేరే షాపు, అక్కడ సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చింది. లేత్ అన్న చెప్పిన కొలతలు కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్లాను. ఆ బొమ్మ లేకపోతే నేను నోటితో చెప్పగలిగేవాణ్ని కాదు. మొదట కోసింది 9.82 వచ్చింది. నేను వెర్నియర్ పెట్టి చూపిస్తే వాళ్లే ఒప్పుకుని ఇంకో ముక్క కోసి ఇచ్చారు, డబ్బు అడగలేదు. రెండోది షాఫ్ట్ మీద చేత్తో నొక్కితే మెల్లగా ఎక్కింది, తిప్పితే కదల్లేదు. మొత్తం ఖర్చు, కొత్త స్ప్రాకెట్‌తో కలిపి 780 రూపాయలు.

వెల్డ్ చేశాక స్ప్రాకెట్ నిజంగానే ఒక పక్కకి లాగింది. లేత్ మీద తిప్పితే పళ్లు అర మిల్లీ పైన ఊగాయి. లేత్ షాపాయన చెక్క సుత్తితో రెండు చోట్ల తట్టి సరిచేశారు.

షాఫ్ట్ మీద పాత గాట్ల అంచులు పైకి లేచి ఉన్నాయి. సన్న ఆకురాయితో అవి మాత్రమే తీశాను, చదును జోలికి పోలేదు. అసిటోన్‌తో మూడుసార్లు తుడిచాను, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. 638 వేసి ఎక్కించాను. కొత్త నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగ్ ఉండి లూజవకుండా పట్టుకునేది), దాని కింద వెడల్పు వాషర్. నట్టు ఈసారి బుష్‌నే నొక్కుతోంది, కింద కాగితం ముక్క పెట్టి బిగించి చూశాను, కాగితం రాలేదు.

ప్లేట్ విషయంలో తమ్ముడి అనుమానం నిజమే. అది 3 మి.మీ. ప్లేట్, చైన్ నొక్కితే కళ్లకి కనిపించేంత వంగింది. 5 మి.మీ. ప్లేట్ కొట్టించి, ఫ్రేమ్‌కి ఇంకో ఆధారం ఇచ్చాను. దారం పెట్టి చూస్తే స్ప్రాకెట్ 2 మిల్లీలు లోపలికి ఉంది, ఫ్రేమ్‌కీ ప్లేట్‌కీ మధ్య వాషర్లు వేసి సరిచేశాను.

24 గంటలు ఆగమన్నారు కదా. నాన్న ఆ రెండు రోజులూ ఆటోలో వెళ్లారు. ఊరికే సైకిల్ చుట్టూ తిరుగుతూ "అయిందా, అయిందా" అని అడిగారు.

పాత_ఫిట్టర్ | గురువారం, ఉదయం 6:40

కాగితం పెట్టి చూడటం నేను చెప్పలేదు, నువ్వే ఆలోచించావు. చాలా సంతోషం బాబూ.

ఇక రెండు పనులు. నట్టు మీద నుంచి వాషర్, బుష్ మీదుగా పసుపు పెయింట్‌తో ఒక సన్నగీత గియ్యి. అది విడిపోయి కనిపిస్తే ఏదో కదిలినట్టు. నాన్నగారు కూడా చూసుకోగలరు, పానా పెట్టక్కర్లేదు. రెండోది, చైన్ మరీ బిగించకు. మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి. బిగుతు ఎక్కువైతే ఆ భారమంతా షాఫ్ట్ బేరింగ్ మీదికి పోతుంది. చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడ కొలువు.

నాన్నగారికి ఇంకో మాట చెప్పు. బయలుదేరేటప్పుడు ముందు రెండు తొక్కులు తొక్కి, చక్రం కదిలాక థ్రాటిల్ ఇవ్వమను. మోకాళ్లకి అంత కష్టం కాదు, మోటార్‌కి మాత్రం ఎంతో తేలిక.

మధురవాడ_టీచర్ | గురువారం, సాయంత్రం 6:50

పసుపు గీత నేనూ ఈరోజే గీశాను. థ్యాంక్స్ మాస్టారూ.

కంచరపాలెం_సైకిల్ | ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

ఆరు వారాలు అయింది. రోజూ జ్ఞానాపురం వెళ్లి రావడమే, మధ్యలో రెండు రోజులు బాగా వాన. పసుపు గీత విడిపోలేదు. శబ్దం లేదు. ఈరోజు చైన్ తీసి స్ప్రాకెట్‌ని చేత్తో తిప్పి చూశాను, గేర్ ఆట తప్ప ఏమీ లేదు. పొడి అసలు లేదు. చైన్ ఒకసారి బిగించాల్సి వచ్చింది, కాస్త సాగింది.

నాన్న ఇప్పుడు కంచరపాలెం మెట్టు ఆగకుండా ఎక్కుతున్నారు. రెండు తొక్కుల సంగతి ఆయనకి బాగా నచ్చింది. పక్కింటి ఆయనకి కూడా నేర్పుతున్నారు. మీ అందరి గురించి చెప్పాను. మాస్టారిని ఒకసారి ఇంటికి పిలవమన్నారు, వచ్చేటప్పుడు కూరగాయలు ఆయనే ఇస్తారట.

పెందుర్తి_కొత్త | సోమవారం, ఉదయం 7:55

నమస్తే, కొత్తగా చేరాను. ఇదంతా చదివాను. నాది గుండ్రటి షాఫ్ట్, చదును లేదు. స్ప్రాకెట్‌కి బాస్ (మధ్యలో ఉబ్బెత్తు గొట్టం లాంటి భాగం) ఉంది, పక్క నుంచి ఒక గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) పట్టుకుంటుంది. అది పది రోజులకోసారి జారుతోంది. నేను కూడా బుష్ చేయించాలా?

ఆటోనగర్_లేత్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

బుష్ అక్కర్లేదు తమ్ముడూ. నునుపు షాఫ్ట్ మీద ఒక్క గ్రబ్ స్క్రూ మొన ఎక్కువ కాలం నిలవదు. స్క్రూ కూర్చునే చోట షాఫ్ట్ మీద డ్రిల్‌తో చిన్న గుంట పెట్టించు, మొన అందులో దిగాలి. దానికి 90 డిగ్రీల పక్కన బాస్‌కి ఇంకో స్క్రూ కొట్టించు. ఎదురెదురుగా మాత్రం వద్దు, ఒకదాన్ని ఒకటి తోసుకుంటాయి. మరలకి నీలం లాకర్ వెయ్యి. కొండ ఎక్కే దారి, బరువు ఉంటే 4 మి.మీ. కీ వేయించుకోవడమే మంచిది.

పాత_ఫిట్టర్ | సోమవారం, సాయంత్రం 5:20

అంతకన్నా ముందు బ్యాటరీ ప్లగ్ పీకి, స్ప్రాకెట్ తీసి, షాఫ్ట్ మీద ఆ స్క్రూ గీసిన గీత ఫోటో పెట్టు. గీత చుట్టూ తిరిగిందా, లేక పొడవునా బయటికి జారిందా అన్నది చూడాలి. లోపల పొడి ఉంటే తుడవకు.